ఐదారు కోసుల దూరం: హైదరాబాద్ కల్లు కాంపౌండ్ల కథ

సనత్‌నగర్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశాను. ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మెట్రోలో ఎర్రగడ్డ స్టేషన్ దగ్గర ఎక్కితే, ఎల్‌బీనగర్ చేరేలోపు అయిపోతుంది. ముందే ఒక మాట చెప్పేస్తా. ఇది తాగమని చెప్పే వీడియో కాదు, తాగొద్దని క్లాస్ పీకే వీడియో కూడా కాదు. మన ఊళ్లో జనం సాయంత్రం పూట ఎక్కడ కూర్చున్నారు, ఏం తాగారు, అది ఎక్కడి నుంచి వచ్చింది అన్నదే ఇవాళ్టి ముచ్చట. చివరిదాకా ఉంటే, ఈ మధ్య మన పక్కనే కూకట్‌పల్లిలో అంతమంది ఎందుకు చనిపోయారో కూడా అర్థమవుతుంది.

పబ్ అనగానే మనకు జూబ్లీహిల్స్ గుర్తొస్తుంది. డీజే, ఎంట్రీ దగ్గర బౌన్సర్, మూడు వేల బిల్లు. కానీ పబ్ అనే మాటకు పూర్తి రూపం పబ్లిక్ హౌస్. అంటే పదిమందీ వచ్చి కూర్చునే ఇల్లు. ఇంగ్లండ్‌లో చేపలు పట్టే రేవు ఊళ్లకు వెళ్తే ఇప్పటికీ హార్బర్ పక్కన వందల ఏళ్ల నాటి పబ్బులు కనిపిస్తాయి. పడవ దిగినవాడు ముందు అక్కడికి పోతాడు, తర్వాతే ఇంటికి. జీతం పంచుకోవడం, పని మాట్లాడుకోవడం, కొట్టుకోవడం, మళ్లీ కలిసిపోవడం అన్నీ అక్కడే.

ఇదంతా మా తాతకు చెప్తే నవ్విండు. "గంతేనా బిడ్డా? గది మా కల్లు కాంపౌండే గదా" అన్నడు. మా తాత 1960లలో మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరిండు. షిఫ్ట్ అయిపోయాక దోస్తులంతా కాంపౌండ్‌కు పోయేవాళ్లట. చుట్టూ గోడ, లోపల రేకుల షెడ్డు, బెంచీలు, చెట్టు కింద నేల మీద కూడా జనం. లొట్లలోంచి సీసాల్లోకి ఒంపిన కల్లు. పక్కనే చాక్నా అమ్మే అమ్మలు. గుడాలు, బోటి, మిర్చిలు, వేయించిన చేపలు. ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు, ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. కూలి పనికి పోయొచ్చిన మొగుడూపెళ్లాలు ఒకే సీసా ముందు పెట్టుకుని ఇంటి లెక్కలు మాట్లాడుకునేవాళ్లట. సారా దుకాణంలో ఇలాంటి సీన్ కనిపించేది కాదు. మన ఊరి అసలు పబ్లిక్ హౌస్ అంటే ఇదే.

సరే, రేవు ఊళ్ల మాట ఎత్తాను కాబట్టి ఒకసారి మన సముద్రం దగ్గరికి పోయి వద్దాం. బాపట్ల జిల్లాలో నిజాంపట్నం ఉంది. ఇప్పుడక్కడ పెద్ద ఫిషింగ్ హార్బర్, పడవలు, ఐసు ఫ్యాక్టరీలు. నాలుగు వందల ఏళ్ల కింద ఆ ఊరిని పెటపోలి అనేవాళ్లు. 1606లో డచ్చి వాళ్లు, 1611లో ఇంగ్లీషు వాళ్లు అక్కడ దిగారు. గోల్కొండ సుల్తాను రాజ్యంలో బట్టలు కొనుక్కుని ఓడల్లో ఎగుమతి చేయడం వాళ్ల పని. ఓడ కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. ఎండ, దోమలు, జ్వరాలు. మరి సాయంత్రం ఏం చేస్తారు? తాగుతారు.

ఇక్కడొక భలే విషయం ఉంది. ఇవాళ ప్రపంచమంతా పార్టీల్లో తాగే పంచ్ అనే డ్రింక్ ఉంది కదా. ఆ మాట ఇంగ్లీషులో మొట్టమొదట రాతలో దొరికేది 1632 నాటి ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం వచ్చింది లండన్‌కు కాదు, మన పెటపోలిలో ఉన్న ఒక ఇంగ్లీషు వ్యాపారికి. మీరంతా బుద్ధిగా కలిసి ఉండండి, ఆ పంచ్ మాత్రం ముట్టుకోకండి అన్నట్టు స్నేహితుడు రాసిన సలహా అది. అంటే అప్పటికే మనవాళ్ల రేవులో అది మామూలైపోయిందన్నమాట. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, సుగంధ ద్రవ్యం, మొత్తం అయిదు కలుపుతారు కాబట్టి పంచ్ అనే పేరు మన పాంచ్ నుంచే వచ్చిందని చాలామంది అంటారు. కాదు, ఓడల మీద మద్యం దాచే పంచియన్ అనే పీపా నుంచి వచ్చిందని ఇంకో వాదన. పేరు ఎటునుంచి వచ్చినా, ఆ ఉత్తరం చేరిన ఊరు మాత్రం మనదే.

ఇప్పుడు గమనించండి. విదేశీ నావికుడు పంచ్ కలుపుకోవడానికి సారా వాడాడు. సారా అంటే కాచి దింపింది. కల్లు నుంచీ కాస్తారు, బెల్లం నుంచీ కాస్తారు. కాచింది నెలలు నిలవుంటుంది, ఓడెక్కి దేశాలు తిరుగుతుంది. కల్లు అలా తిరగలేదు. పొద్దున దించింది మరుసటి రోజుకు పనికిరాదు. కల్లు కాంపౌండ్ చరిత్ర మొత్తం ఈ ఒక్క పాయింట్ చుట్టూనే తిరుగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రేవు నుంచి గోల్కొండకు రోడ్డు మార్గం బందరు, అంటే మచిలీపట్నం మీదుగా. ఆ కాలంలో వ్యాపారులు ఎద్దుల మీద, పల్లకీల్లో రోజుల తరబడి ప్రయాణం చేసి హైదరాబాద్ చేరేవాళ్లు. ఆ దారులన్నీ తెలిసిన ఒక ఫ్రెంచి మనిషి ఉన్నాడు. పేరు ఝాఁ బాప్టిస్ట్ టావెర్నియే. వజ్రాల వ్యాపారి. గోల్కొండ గనుల వజ్రాలు కొనడానికి 17వ శతాబ్దంలో ఇటు చాలాసార్లు వచ్చాడు. 1676లో తన ప్రయాణాల పుస్తకం అచ్చువేశాడు. అందులో వజ్రాల గురించి రాసింది అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆయన మన కల్లు గురించి రాసిన ముక్కే బాగా నచ్చింది.

ఆయన చెప్పిందేమిటంటే, హైదరాబాద్‌లో సాయంత్రాలు కల్లు దుకాణాల దగ్గర పెద్ద సందడి. వేశ్యల ఇళ్లు ఎక్కడుంటే దాని పక్కనే దుకాణాలు పెట్టేవాళ్లు. ఆ కల్లు ఊళ్లో గీసింది కాదు. ఐదారు కోసుల దూరం నుంచి వచ్చేది. తోలు తిత్తుల్లో నింపి, గుర్రానికి ఆ పక్కొకటి ఈ పక్కొకటి కట్టి, గుర్రాన్ని వేగంగా తోలుకుంటూ తెచ్చేవాళ్లు. అలా రోజూ ఐదారు వందల గుర్రాలు నగరంలోకి వచ్చేవట! ఒక్కసారి ఊహించుకోండి. ఐదారు వందల గుర్రాలంటే వెయ్యికి పైగా తిత్తులు. రోజూ. ఆ కల్లు మీద పన్ను సుల్తానుకు పెద్ద ఆదాయం. ఆ వ్యాపారం నడవాలి కాబట్టే అన్ని వేశ్యా గృహాలకు కూడా అనుమతి ఇచ్చారని ఆయన తేల్చేశాడు. విదేశీయుడి మాట, అందులో కొంత చిటపటలు ఉంటాయి, అన్నీ యథాతథంగా నమ్మక్కర్లేదు. కానీ కల్లు మీద పన్ను రాజుకు ముఖ్యమన్న మాట మాత్రం ఆ తర్వాత మూడు వందల ఏళ్లు నిజమవుతూనే వచ్చింది.

నా బుర్రలో తిరిగేది గుర్రం వేగం. నీళ్లు తెచ్చేవాడు గుర్రాన్ని పరుగెత్తించడు. ధాన్యం తెచ్చేవాడూ పరుగెత్తించడు. కల్లు తెచ్చేవాడికి ఎందుకంత తొందర?

కారణం తిత్తి లోపలే ఉంది. తాటిచెట్టు గెలనో, ఈతచెట్టు మొవ్వు దగ్గర కాండాన్నో సన్నగా గీస్తే రసం కారుతుంది. అది కిందికి దిగేటప్పుడు తియ్యని నీరా. తెల్లవారుజామున తాగితే చెరుకురసం లాగే ఉంటుంది, మత్తు ఉండదు. కానీ గాలిలో, లొట్టి గోడల మీద ఉండే ఈస్ట్ ఆ చక్కెరను వెంటనే తినడం మొదలుపెడుతుంది. గంటల్లోనే నురగ వస్తుంది, చక్కెర ఆల్కహాల్ అవుతుంది. మధ్యాహ్నానికి దాదాపు బీరంత ఘాటు. సాయంత్రానికి పులుపు. మర్నాటికి ఇక వెనిగర్ దారి పట్టేసినట్టే. మా తాత మాటల్లో చెప్పాలంటే, "పొద్దుగాల దించిన కల్లు పొద్దుమూకేదాక ఆగుతదిరా. తెల్లారితే గది కల్లు గాదు."

అందుకే గుర్రాలు పరుగెత్తాయి. అప్పట్లో కోసు అంటే దాదాపు రెండు మైళ్లు. ఐదారు కోసులంటే పదిహేను నుంచి ఇరవై కిలోమీటర్లు. గుర్రం రెండు గంటల్లో వచ్చేసే దూరం. అంటే ఆ నగరం చుట్టూ కల్లుకు ఒక గీత ఉంది. గీత దాటి అవతల ఉన్న చెట్టు నగరానికి ఉపయోగపడదు. ఇప్పుడు మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి చార్మినార్ నుంచి పదిహేను కిలోమీటర్ల వలయం గీయండి. మన సనత్‌నగర్ లోపలే ఉంటుంది. కూకట్‌పల్లి సరిగ్గా ఆ గీత మీద పడుతుంది.

ఊళ్ల పేర్లలో కూడా ఆ చెట్లు మిగిలాయి. పాతబస్తీలో జూపార్క్ దగ్గర తాడ్‌బన్ ఉంది. ఉర్దూలో తాడ్ అంటే తాటిచెట్టు, బన్ అంటే వనం. మనకు దగ్గర్లో బోయిన్‌పల్లి వైపు హనుమాన్ గుడి ఉన్న తాడ్‌బండ్ పేరులోనూ ఆ తాడే వినిపిస్తుంది. ఇప్పుడు వెళ్లి చూస్తే ఆటోలు, ఫ్లైఓవర్ పిల్లర్లు.

చెట్టు గురించి చెప్పి మనిషి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. గీసేవాళ్లు గౌడన్నలు. కోస్తాలో అయితే గౌడ, శెట్టిబలిజ, ఈడిగ, యాత ఇలా ప్రాంతాన్ని బట్టి పేర్లు. నడుముకు మోకు, కాళ్లకు గుజి, వెనకాల ముస్తాదు, అందులో గీత కత్తి. రోజుకు రెండుసార్లు అదే చెట్టు ఎక్కాలి, లేకపోతే గాయం ఆరిపోయి రసం ఆగిపోతుంది. పండగ లేదు, జ్వరం లేదు. వానకు చెట్టు జారితే అంతే సంగతులు. తాటిచెట్టు గీతకు రావాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. తాత నాటితే మనవడు గీస్తాడు. పైగా తాటికల్లుకు ఎండాకాలం సీజన్, ఈతకల్లుకు చలికాలం బాగుంటుంది. ఏడాదంతా ఒకేలా పారే కుళాయి కాదు అది.

ఈ కష్టం మీద రాజ్యాలు బాగా సంపాదించాయి. ఎక్సైజ్ శాఖను మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆబ్కారీ అంటారు. అది ఫార్సీ మాట. ఆబ్ అంటే నీళ్లు, కారీ అంటే పని. నిజాం కాలంలో ఖజానాకు పెద్ద ఆదాయాల్లో ఆబ్కారీ ఒకటి. 1316 ఫసలీలో, అంటే మన లెక్కలో 1906-07 నాటికి, దానికోసం ప్రత్యేకంగా చట్టమే ఉంది. గుత్తేదారు వేలంలో ఏరియా పాడుకుంటాడు. చెట్టుకింత అని సర్కారుకు పన్ను. గీసేవాడికి కూలి. చెట్టు నీ పొలం గట్టు మీదే ఉన్నా, దాని రసం మీద హక్కు నీది కాదు. అంటే ఎక్కేది ఒకడు, పాడుకునేది ఇంకొకడు, తినేది మూడోవాడు.

అలా అని గౌడన్నలు తల వంచుకుని కూర్చోలేదు. సర్వాయి పాపన్న పేరు వినే ఉంటారు. కల్లుగీత కులంలో పుట్టి, 1700ల మొదట్లో మనుషుల్ని కూడగట్టి కోటలు కట్టినవాడు. 1708లో వరంగల్ మీద పడి దోచాడు. 1710లో మొఘల్ సైన్యం పట్టి చంపేదాకా హైదరాబాద్ సుబేదారుకు నిద్రలేదు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయన్ని దొంగ అనే రాశాడు. పల్లె పాటగాళ్లు మాత్రం వీరుడని పాడుకున్నారు. పాపన్న మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, ఇక్కడ ఆగను.

తర్వాత కాలంలో నల్గొండ వైపు బొమ్మగాని ధర్మభిక్షం లాంటి కమ్యూనిస్టు నాయకులు గీత కార్మికుల్ని సంఘాలుగా కట్టారు. గుత్తేదారు మధ్యలో ఎందుకు, గీసేవాడిదే చెట్టు కావాలన్నది వాళ్ల డిమాండ్. కల్లు సహకార సంఘాలు, గీసేవాడికి నేరుగా లైసెన్స్ ఇచ్చే పద్ధతి ఆ పోరాటాల నుంచే వచ్చాయి. ఆ ధర్మభిక్షమే 1996లో నల్గొండ ఎంపీగా గెలిచారు. ఆ ఎన్నికలో మొత్తం 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపర్ పుస్తకం సైజులో ఉందని అప్పట్లో దేశమంతా చెప్పుకున్నారు. ఇది మన టాపిక్ కాదు, చెప్పకుండా ఉండలేకపోయా.

ఇక మన ఏరియాకు వద్దాం. నిజాం చివరి రోజుల్లోనే ఇటువైపు ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. 1942లో పుట్టిన ఆల్విన్ కంపెనీ ఇక్కడిదే. బస్సు బాడీలు, బీరువాలు, ఫ్రిజ్‌లు చేసింది. ఆ తర్వాత సనత్‌నగర్, బాలానగర్ అంతా ఇండస్ట్రియల్ ఏరియా అయిపోయింది. ఈఎస్ఐ ఆస్పత్రి వచ్చిందీ ఈ కార్మికుల కోసమే. పాలమూరు, మెదక్, నల్గొండ నుంచి జనం వచ్చారు. తమ ఊరి మండువాలో కూర్చుని కల్లు తాగే అలవాటును కూడా తెచ్చుకున్నారు. ఊళ్లో మండువా అంటే చెట్ల పక్కనే. పొద్దున గీసిన మనిషి పేరు తెలుసు, ఏ చెట్టుదో కూడా తెలుసు. పరుపుతాడుదా, పండుతాడుదా అని రుచి చూసి చెప్పేవాళ్లు. తాటాకు రేక పట్టుకుంటే అందులోకే ఒంపేవాళ్లు.

నగరంలో అదే మండువా కాంపౌండ్ అయింది. రేక పోయి సీసా వచ్చింది. గీసినవాడి పేరు పోయి కాంట్రాక్టర్ పేరు వచ్చింది. మొదట్లో పర్వాలేదు, ఎందుకంటే చుట్టుపక్కల ఇంకా చెట్లున్నాయి. కూకట్‌పల్లి, మియాపూర్, కుత్బుల్లాపూర్ అప్పటికి పల్లెలే. తర్వాత ఏమైందో మీకు తెలుసు. పొలాలు ప్లాట్లయ్యాయి. తాటిచెట్టు కొట్టేసి కాంపౌండ్ వాల్ కట్టారు. అటు కల్లు కాంపౌండ్లో సీసాలు మాత్రం తగ్గలేదు, పెరిగాయి. ఏడాదిలో 365 రోజులూ, వానాకాలంలో కూడా, పొద్దున్నుంచి రాత్రి దాకా కల్లు. సింపుల్ లెక్క అడుగుతా. చెట్లు తగ్గాయి, కల్లు పెరిగింది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ట్యాంకు నీళ్లు, శాకరిన్, తెల్లదనానికీ నురగకూ ఏదో పొడి, మత్తు కోసం మందు. ముందు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపామ్, ఇప్పుడు ఆల్ప్రాజోలామ్. ఈ చివరి రెండూ డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందులు, ఆందోళనకు, నిద్రకు. వీటికి శరీరం అలవాటు పడితే, హఠాత్తుగా ఆపినప్పుడు వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం, వినిపించడం.

ప్రభుత్వాలు ఏం చేశాయి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం. ఆ నిషేధ చట్టంలో కూడా కల్లుకు మినహాయింపు ఇచ్చారు. చెట్టు మీద బతికే లక్షల కుటుంబాలున్నాయి మరి. 2004లో వైఎస్ ప్రభుత్వం హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను మూసేసింది. చుట్టుపక్కల చెట్లే లేనప్పుడు ఇక్కడ అమ్మేది కల్తీ కల్లే అన్నది వాదన. తెలంగాణ వచ్చాక, గౌడ వృత్తిని నిలబెట్టాలని 2014 దసరా సమయానికి కేసీఆర్ ప్రభుత్వం మళ్లీ తెరిచింది. రెండు వైపులా న్యాయముంది. కానీ ఆ పదేళ్లలో కొత్తగా తాటివనాలు మొలిచాయా? పైగా చెప్పాను కదా, నాటినా పదిహేనేళ్లు ఆగాలి.

2015లో జిల్లాల్లో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు, నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రుల ముందు జనం క్యూ కట్టారు. మెడలు వంకర్లు పోయి, పిచ్చి చూపులు చూస్తూ. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు అదే దృశ్యం మన ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు. మా ఇంటికి ఆ ఆస్పత్రి నడిచిపోయే దూరం. అప్పుడు రోడ్ల మీద బండి శబ్దం కూడా లేదు. మొగుడిని ఇద్దరు పట్టుకుని నడిపిస్తుంటే వెనకాల సంచి పట్టుకుని పోతున్న ఒక అమ్మను మా బాల్కనీ నుంచి చూశా. ఆయన గాల్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఈ ఎపిసోడ్ చేయాలనే ఆలోచన అప్పుడే వచ్చింది, చేయడానికి ఇన్నాళ్లు పట్టింది.

తర్వాత 2025 జూలై. కూకట్‌పల్లి చుట్టుపక్కల కాంపౌండ్లలో కల్లు తాగినవాళ్లకు వాంతులు, విరేచనాలు. బీపీ పడిపోయింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. పదుల మందిని పంజాగుట్ట నిమ్స్‌లో, వేరే ఆస్పత్రుల్లో చేర్చారు, కొందరికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. పలువురు చనిపోయారు. కల్లు నమూనాల్లో ఆల్ప్రాజోలామ్ బయటపడింది. కాంపౌండ్ల లైసెన్సులు రద్దయ్యాయి, అరెస్టులు జరిగాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కూలి పని చేసుకునేవాళ్లే. ఖరీదైన బారుకు పోలేనివాళ్లు, సాయంత్రం నలుగురితో కూర్చోవడానికి ఇంకో చోటు లేనివాళ్లు.

ఒకప్పుడు గుర్రాలు కల్లు మోసిన ఆ ఐదారు కోసుల గీత మీదే, అదే కూకట్‌పల్లిలో, మూడున్నర శతాబ్దాల తర్వాత ఇది జరిగింది. టావెర్నియే కాలంలో సుల్తాను మంచివాడని కాదు, గుత్తేదారు నిజాయితీపరుడనీ కాదు. గుర్రం ఆలస్యమైతే కల్లు పులిసిపోయేది, తాగేవాడికి నాలుక మీద తెలిసిపోయేది. కెమికల్ కల్లు పులవదు. పొద్దున ఎలా ఉందో రాత్రీ అలాగే ఉంటుంది. నా దృష్టిలో కాంపౌండ్‌ను చంపింది నిషేధం కాదు, చెట్టుకూ సీసాకూ మధ్య పెరిగిన దూరం. ఆ దూరాన్ని లెక్కపెట్టకుండా లైసెన్స్ ఇవ్వడమూ తప్పే, మూసేసి చేతులు దులుపుకోవడమూ తప్పే. ఈ కాంపౌండ్‌కు ఏ ఊరి ఎన్ని చెట్ల నుంచి, ఏ నెలలో ఎన్ని లీటర్లు వస్తున్నాయో బోర్డు మీద రాయించమనండి చాలు. సగం షెడ్లు వారంలో మూతపడతాయి. మిగిలినవి నిజమైనవి.

మంచి ప్రయత్నాలు లేకపోలేదు. 2023లో నెక్లెస్ రోడ్ మీద నీరా కేఫ్ తెరిచారు. పులవకుండా చల్లగా తెచ్చిన నీరా అమ్ముతారు. చల్లదనంతో టైమ్‌ను కొనుక్కోవడం అన్నమాట, గుర్రం చేసిన పనిని ఫ్రిజ్ చేస్తోంది. నేను పోయి తాగాను, బాగుంది. కానీ మా తాతను తీసుకుపోతే చుట్టూ చూసి, "కుర్చీలు మంచిగున్నయ్ గని, ఇక్కడ గట్టిగ మాట్లాడొచ్చునా?" అని అడిగిండు. 2024లో చెట్టెక్కేవాళ్ల కోసం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అది మాత్రం ఎప్పుడో జరగాల్సిన పని.

మొన్న ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర షూట్ చేస్తున్నా. ఎల్లమ్మ గౌడల ఇలవేల్పు కూడా. కల్లు సాక పోయాలని ఒక అమ్మ చిన్న లొట్టి పట్టుకుని నిలబడింది. "అమ్మా, కల్లు ఎక్కడిది?" అని అడిగా. కాంపౌండ్‌ది కాదట. "దేవతకు గది పోస్తమా బిడ్డా" అంది. చేవెళ్ల అవతల నుంచి ఒక గౌడన్న పొద్దున్నే వస్తాడట, తెలిసినవాళ్లకే ఇస్తాడట. కాసేపటికి ఆయన బండి కూడా కనిపించింది. పాత టీవీఎస్, ఆ పక్కొక క్యాన్ ఈ పక్కొక క్యాన్, మూతల కింద నుంచి నురగ కారుతోంది. ఫొటో తీసుకుంటానంటే వద్దన్నాడు. "ఎండ ముదిరితే పాడైతది, నేను పోవాలె" అని కిక్ కొట్టి వెళ్లిపోయాడు.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో తాతో నాయనమ్మో ఉంటే, వాళ్ల ఊరి మండువా ఎక్కడుండేదో, కల్లు ఏ చెట్లదో ఒకసారి అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్ ఇదే సనత్‌నగర్ నుంచి, ఇరానీ హోటల్ మీద. ఉంటాను మరి.